ఆకాశాన్ని అమ్ముకున్న స్టేషను

భూమి కొనుక్కున్నవాడికి ఏమేమి దక్కుతాయి? మన పాత దానశాసనాలు దీనికి ఎనిమిది మాటల్లో జవాబు చెప్పాయి. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. అష్టభోగాలంటే ఇవే. లంకెబిందె దొరికినా, బావిలో నీళ్లు పడినా, రాయి తీసి అమ్ముకున్నా అంతా భోక్తదే. ఎనిమిదింటిలో గాలి ఊసు మాత్రం ఎక్కడా లేదు. ముందు ముందు రాబోయే లాభాన్ని ఆగామి అన్నారు గనుక, కావాలంటే గాలిని అందులో చేర్చుకోవచ్చునేమో! అంత అవసరం మన పూర్వులకు రాలేదు. న్యూయార్కు వాళ్లకు వచ్చింది.

ఆ మహానగరం నడిబొడ్డున రెండు గొప్ప రైలుస్టేషన్లు ఉండేవి. రెండూ తమ నెత్తిమీది ఆకాశాన్ని అమ్ముకున్నాయి. ఒకటి అమ్ముకుని నేలమట్టమైంది. రెండవది అమ్ముకునే బ్రతికింది. ఊరి మధ్యనున్న పాతమేడను ఉంచాలా, దాని చోట ఆఫీసులు లేపాలా అన్న తగవు మన నగరాల్లోనూ తరచు వినబడుతున్నది గనుక, ఆ రెండు స్టేషన్ల కథ మనకు పరాయి కథ కాదు.

మొదటిది పెన్సిల్వేనియా స్టేషను. 1910లో తెరిచారు. ప్రాచీన రోమునగరంలో కారకల్లా చక్రవర్తి కట్టించిన స్నానశాలలను నమూనాగా పెట్టుకుని దాని విశ్రాంతిశాలను నిర్మించారు. రైలు దిగినవాడు ముందు ఆ ఎత్తుకు నిర్ఘాంతపోయి, ఆ తరువాతే కూలీని పిలిచేవాడు కాబోలు! కాని కార్లు, విమానాలు వచ్చి రైళ్ల రాబడి తిన్నాయి. నష్టాల్లోపడ్డ కంపెనీ స్టేషను మీది చోటును బేరం పెట్టింది. పైనున్న కట్టడాన్ని తీసివేసి, అక్కడ క్రీడామందిరమూ ఆఫీసు మేడా కట్టుకోవచ్చు. అందుకు బదులుగా కంపెనీకి భూమి లోపల ఖర్చులేకుండా ఒక కొత్త స్టేషను, క్రీడామందిరంలో పావువాటా. 1963 అక్టోబరులో పలుగులు పడ్డాయి. కింద రైళ్లు నడుస్తూనే ఉన్నాయి, పైన స్తంభాలు కూలుతూనే ఉన్నాయి. ఆ శిల్పాలలో కొన్ని న్యూజెర్సీ చిత్తడినేలల్లో చెత్తతోబాటు చేరాయి.

పోయిన తరువాత గాని ఉన్నదాని విలువ తెలియదంటారు గదా. ఊరంతా గగ్గోలెత్తింది. 1965లో అప్పటి మేయరు రాబర్టు వాగ్నరు ఒక చట్టం మీద సంతకం చేశాడు. నగరచరిత్రకు గుర్తులైన కట్టడాలను ఒక కమిషను ఎంపిక చేస్తుంది. ఎంపికైన కట్టడాన్ని కమిషను అనుమతి లేకుండా యజమాని కూల్చరాదు, పైరూపం మార్చరాదు. 1967లో ఆ జాబితాలో చేరినవాటిలో రెండవ స్టేషను ఒకటి. దాని పేరు గ్రాండ్ సెంట్రల్.

ఇది 1913 ఫిబ్రవరిలో తెరిచినది. లోపలి మహాశాల పొడవు 275 అడుగులు, వెడల్పు 120. కప్పంతా నీలాకాశం, అందులో బంగారు నక్షత్రాలు, రాశిచక్రం. ఐతే ఆ రాశులను తూర్పు పడమరలు తారుమారుగా చిత్రించారు. మన పంచాంగకర్త ఎవరైనా తల ఎత్తి చూస్తే అక్కడే కూర్చుని శాంతి చేయించమనేవాడు. రోజూ రైలెక్కే జనానికి ఆ పొరపాటు మీద కూడా మమకారమే.

1968లో రెండు స్టేషన్ల కంపెనీలూ కలిసి పెన్ సెంట్రల్ అనే ఒకే సంస్థ అయ్యాయి. ఆ సంస్థ వెంటనే గ్రాండ్ సెంట్రల్ నెత్తిన 55 అంతస్తుల ఆఫీసు మేడ కడతానన్నది. నమూనా గీసినవాడు సామాన్యుడు కాడు, మార్సెల్ బ్రోయర్ అనే ప్రసిద్ధ వాస్తుశిల్పి. ఆఫీసులు కట్టే సంస్థతో యాభై ఏళ్ల లీజు కూడా కుదిరింది. కట్టేకాలంలో ఏడాదికి పదిలక్షల డాలర్లు, ఆ తరువాత ఏడాదికి కనీసం ముప్ఫైలక్షలు. కమిషను కుదరదన్నది. స్టేషను ముఖభాగాన్నే కొంత తొలగించి కట్టే మరో నమూనా తెచ్చారు. దానికీ కుదరదన్నది.

ఇక్కడ కంపెనీని దుర్మార్గుణ్ణి చేయడం తేలిక. నాకు అంత తేలికగా తోచదు. ఆ స్టేషను పునాదులను మొదట్లోనే పైన ఇరవై అంతస్తులు మోయగలిగేట్టు వేశారు. పైన మేడ లేపాలన్న ఆలోచన పుట్టుకతో వచ్చినదే. చుట్టుపక్కల అందరూ ఆకాశమంత కట్టుకుని అద్దెలు దండుకుంటున్నారు. నీది మాత్రం అందంగా ఉన్నది గనుక నీవు కట్టుకోరాదు అంటే, అందంగా కట్టినందుకు జుల్మానా విధించినట్లు కాదా? పైగా 1970లో కంపెనీ దివాలా తీసింది.

వ్యాజ్యం పదేళ్లు నడిచింది. 1975లో కింది కోర్టు కంపెనీవైపు మొగ్గింది. అప్పుడు ఊరి పెద్దలు రంగంలోకి దిగారు. హతుడైన అధ్యక్షుడు కెన్నెడీ భార్య జాక్వెలిన్ ఆ ఉద్యమానికి ముందు నిలబడింది. పై కోర్టులు నగరాన్ని సమర్థించాయి. చివరికి 1978 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తుల్లో ఆరుగురు నగరంవైపు, ముగ్గురు కంపెనీవైపు తీర్పు చెప్పారు.

ఓడిపోయిన ఆ ముగ్గురి మాటను కూడా వినాలి. నగరంలో పదిలక్షలకు పైగా కట్టడాలుంటే నాలుగువందలను ఏరి వాటి యజమానుల నెత్తిన ఈ భారం పెట్టారు, ఊరందరి సంతోషానికి కొందరే మూల్యం చెల్లించాలా అన్నది వారి ప్రశ్న. మన సామెతలో చెప్పాలంటే అత్తసొమ్ము అల్లుడు దానం చేయడం. ప్రశ్న గట్టిదే.

గెలిచిన ఆరుగురు చెప్పిన జవాబులో రెండు అంశాలున్నాయి. స్టేషను స్టేషనుగా నడుస్తూ గిట్టుబాటు తెస్తూనే ఉన్నది గదా అన్నది ఒకటి. రెండవదే ఈ కథకు ఆయువుపట్టు. నగరంలో ప్రతి స్థలంలోనూ మొత్తం ఎంత వైశాల్యం కట్టవచ్చునో నిబంధన ఉంటుంది. మాటవరసకు ఒక స్థలంలో పది అంతస్తులకు అనుమతి ఉన్నదనుకుందాం. పాతమేడ రెండంతస్తులే. మిగిలిన ఎనిమిది అంతస్తులూ గాలిలో ఉన్నాయి. ఆ ఎనిమిదింటిని యజమాని ఇక్కడ కట్టరాదు. కాని చుట్టుపక్కల మరొక స్థలంవాడికి అమ్ముకోవచ్చు. కొన్నవాడు తన మేడ మీద ఆ మేరకు అదనంగా లేపుకుంటాడు. గుర్తించిన కట్టడాలవారు వీధి దాటి అవతలి స్థలానికి కూడా అమ్ముకునేట్టు 1968లోనే సడలింపు ఇచ్చారు. కనుక కంపెనీ సర్వస్వమూ పోగొట్టుకోలేదని కోర్టు లెక్కగట్టింది.

పత్రికలు చదివేవారికి ఇందులో తెలిసిన వాసన తగులుతుంది. మన ఊళ్లలో రోడ్డు వెడల్పు చేసేటప్పుడు స్థలం పోయినవారి చేతికి డబ్బుకు బదులు ‘టి.డి.ఆర్.’ అని ఒక పత్రం ఇస్తున్నారే, దాని మూలం ఈ ఊహే. ముంబయిలో పాత కట్టడాలను కాపాడే యజమానులకు 1990లలోనే ఈ పద్ధతిని వర్తింపజేశారు.

గ్రాండ్ సెంట్రల్‌కు తరువాత మంచిరోజులే వచ్చాయి. మసిబారి నల్లబడిన ఆకాశాన్ని కడిగి 1998లో మళ్లీ వెలిగించారు. మసి ఎంత పట్టి ఉన్నదో జనానికి తెలియడానికి ఒక మూల చిన్న నల్లచదరాన్ని కడగకుండా వదిలేశారు. పక్కనే 2020లో 1,401 అడుగుల ఆఫీసు గోపురం లేచింది. అంత ఎత్తుకు అనుమతించినందుకు దాన్ని కట్టినవారి చేత స్టేషను దారులు, మెట్లు, భూగర్భ రైలుమార్గాల బాగుకు సుమారు 22 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టించారు. ఇచ్చిపుచ్చుకోవడమంటే ఇలా ఉండాలనిపిస్తుంది.

ఐతే అమ్మిన ఆకాశం ఎక్కడో ఒకచోట దిగాలి గదా! 2017లో నగరం ఆ ప్రాంతంలో నిబంధనలు మార్చి, ఇలాంటి హక్కులను మరింత దూరం అమ్ముకోనిచ్చింది. స్టేషనుకు కొద్దిదూరంలో పార్కు ఎవెన్యూ 270వ నంబరున 52 అంతస్తుల మేడ ఒకటి ఉండేది. 1960 ప్రాంతంలో కట్టినది. మన దేశం భోపాలు మూలంగా ఎన్నటికీ మరవలేని యూనియన్ కార్బైడ్ కంపెనీకి కేంద్రకార్యాలయంగా కట్టినది. యజమాని సంగతి ఎలా ఉన్నా మేడ మాత్రం నాజూకైనది. గోర్డన్ బన్‌షాఫ్ట్‌తోబాటు దాన్ని రూపొందించిన నటాలీ డి బ్లోయి, ఆ కాలంలో ఆ వృత్తిలో పేరు తెచ్చుకున్న అతికొద్దిమంది స్త్రీలలో ఒకరు. దాన్ని సొంతం చేసుకున్న బ్యాంకు స్టేషను మీది హక్కుల్లో కొంతభాగం కొన్నది. అన్ని అంతస్తులు లేపాలంటే పాతమేడ పనికిరాదన్నది. 2019లో దాన్ని విప్పడం మొదలుపెట్టారు. యజమాని తనంతట తాను కూల్చిన కట్టడాల్లో అప్పటివరకు అంతకంటె ఎత్తయినది ప్రపంచంలో లేదు. దాని స్థానంలో లేచిన 60 అంతస్తుల మేడను 2025 అక్టోబరులో ప్రారంభించారు. 1913 నాటి కట్టడాన్ని బ్రతికించిన హక్కే 1960 నాటి కట్టడానికి మృత్యువైంది. కొండనాలుకకు మందు వేస్తే అంటారే, ఆ సామెత న్యూయార్కులోనూ చెల్లింది.

పాతమేడను ముట్టకుండా ఆకాశాన్ని పక్కకు జరపడం ఒక పద్ధతి. పాతమేడ నెత్తినే కొత్తది కట్టడం మరొకటి. దీనికి ఆ నగరంలోనే పేరుపడ్డ ఉదాహరణ ఉన్నది. పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్‌స్ట్ 1928లో తన పత్రికల కోసం ఆరంతస్తుల మేడ కట్టించాడు. పైన గోపురం లేపాలన్నది సంకల్పం. మరుసటి ఏడే ఆర్థికమాంద్యం విరుచుకుపడి ఆ సంకల్పం ఆగిపోయింది. దాదాపు ఎనభై ఏళ్లకు, 2006లో, నార్మన్ ఫాస్టర్ రూపకల్పనలో ఆ ఆరంతస్తుల మీదుగా గాజూ ఉక్కూ త్రికోణాలుగా అల్లుకున్న 46 అంతస్తుల గోపురం నిలిచింది. కొత్తది పాతదాన్ని అనుకరించలేదు. ఎక్కడ పాతది ముగిసిందో, ఎక్కడ కొత్తది మొదలైందో వీధిలోపోయే పిల్లవాడికైనా తెలుస్తుంది. ఆ నిజాయితీ నాకు నచ్చింది. కాని లోపలికి వెళితే పాతమేడ లేదు. అంతస్తులన్నీ తొలిచేసి, నాలుగు వైపుల గోడలను మాత్రం చిప్పలాగా మిగిల్చారు. ముత్తాతగారి పటానికి పూలదండ వేసి ఆయన గదిని అద్దెకిచ్చినట్లు! పటం కూడా తీసివేసేవారికంటె నయమే. ఐనా ఇంట్లో ముత్తాత ఉన్నాడని మాత్రం చెప్పుకోకూడదు.

మూడవ పద్ధతి అన్నిటికంటె పాతది, చవకైనది: ఉన్న గదులనే వాడుకోవడం. కూలిపోయిన పెన్సిల్వేనియా స్టేషనుకు ఎదురుగా, దాన్ని రూపొందించిన సంస్థే రూపొందించిన పెద్ద పోస్టాఫీసు ఉన్నది. 1914 నాటిది. ఉత్తరాలు తగ్గి బోసిపోయిన ఆ భవనంలో గాజుకప్పు వేసి 2021 జనవరి 1న రైలు ప్రయాణికులకు కొత్త శాల తెరిచారు. మిగిలిన అంతస్తులను ఆఫీసులుగా మార్చారు. ఫేస్‌బుక్కు కంపెనీ అద్దెకు తీసుకున్నది.

మన దగ్గర ఇలాంటి తగవులు బేరంతో గాక కోర్టు స్టేతో నడుస్తున్నాయి. మద్రాసు మౌంటు రోడ్డులో బుర్జులతో, ఎర్రగోడలతో నిలిచిన భరత్ ఇన్సూరెన్సు మేడ తెలుగువారు చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1897లో ఒక మందుల వ్యాపారి కట్టించినది. ఇన్సూరెన్సు కంపెనీలు జాతీయమైనాక అది ఎల్.ఐ.సి. చేతికి వచ్చింది. అదే రోడ్డులో 1959లో తన సొంత ఎత్తుమేడను ప్రారంభించి చూపరులను ఆశ్చర్యపరచిన ఎల్.ఐ.సి., 2006లో ఈ పాతదాన్ని కూల్చడం మొదలుపెట్టింది. వారసత్వ సంపద కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థ హైకోర్టుకెక్కింది. 2010లో కూల్చవద్దని తీర్పు వచ్చింది. హైదరాబాదులో 1870 ప్రాంతంలో నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ కథా అటువంటిదే. చాలాకాలం ప్రభుత్వ కార్యాలయాలకు నెలవైన ఆ సౌధం స్థలంలో కొత్త శాసనసభ కట్టాలని 2019 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించింది. సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది.

కూల్చవద్దని కోర్టు చెప్పగలదు. కారే కప్పును బాగుచేయించమనీ, సున్నపు గోడలకు సిమెంటు పూసి ఊపిరాడకుండా చేయవద్దనీ, లిఫ్టును పెరటివైపు పెట్టమనీ, కరెంటు తీగలకోసం నగిషీచెక్కలో మేకులు దిగగొట్టవద్దనీ రోజూ వచ్చి చెప్పలేదు. ఆ పని అందులో కూర్చునే ఆఫీసువారిది. సొంత దేవిడీ ఉండి, వారసులు పదిమందై, మరమ్మతుకు డబ్బులేని గృహస్థుకు స్టే ఆర్డరు చూపిస్తే, అతడు పలుగు పట్టనక్కరలేదు. నాలుగు వానాకాలాలు ఊరుకుంటే చాలు.