గీత జరిగితే... బడి మారుతుంది!

రోడ్డుకి ఇటువైపు ఇంట్లో పిల్లలు ఓ స్కూలుకి, అటువైపు ఇంట్లో పిల్లలు ఇంకో స్కూలుకి. రెండూ సర్కారు బడులే. రెండు చోట్లా ఫీజు లేదు. అయినా ఆ మధ్యనున్న గీతని అంగుళం జరుపుతామంటే చాలు... ఊరు ఊరంతా మైకు ముందు క్యూ కడుతుంది. అమెరికాలోని ఫెయిర్‌ఫాక్స్‌ కౌంటీలో బడుల హద్దులు, మార్కులు, పాఠాల మీద ఏళ్లుగా నడుస్తున్న చర్చ ఇది.

ఇల్లు కొనేటప్పుడు ఎవరైనా ఏం చూస్తారు? తూర్పు గుమ్మమా కాదా, మంచినీళ్లొస్తాయా, బస్టాపు ఎంత దూరం... ఇవేగా! అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగు దంపతులకి మాత్రం వాస్తు రెండో ప్రశ్నే. మొదటి ప్రశ్న ‘ఈ ఇంటికి ఏ హైస్కూలు?’

ఇంటికి స్కూలేంటి అనుకుంటున్నారా? అక్కడ అంతే. సర్కారు బడిలో చదువు ఉచితం. కానీ నచ్చిన బడికి వెళ్లి చేరతామంటే కుదరదు. ప్రతి బడికీ మ్యాపు మీద ఓ హద్దు ఉంటుంది. ఆ గీత లోపల ఇల్లుంటే ఆ బడిలో సీటు. బయటుంటే మరో బడి. అందుకే పేరున్న బడి పరిధిలో ఇళ్ల ధరలు ఎప్పుడూ ఓ మెట్టు పైనే ఉంటాయి. ఫీజు లేని చదువే... కానీ ఆ ఫీజుని ముప్ఫై ఏళ్ల హోమ్‌లోను రూపంలో కడుతున్నామని అక్కడి తల్లిదండ్రుల భావన. అలాంటి చోట గీత జరుపుతామంటే ఊరుకుంటారా?

పన్నెండు మంది చేతిలో...

వాషింగ్టన్‌ నగరానికి దగ్గర్లో వర్జీనియా రాష్ట్రంలో ఉంటుంది ఫెయిర్‌ఫాక్స్‌ కౌంటీ. ఐటీ కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు దగ్గర కావడంతో భారతీయ కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉంటున్నాయి. అందులో తెలుగువాళ్లూ ఎక్కువే. ఇక్కడి సర్కారు బడుల్లో చదివే పిల్లలు దాదాపు లక్షా 80 వేల మంది. అమెరికాలోని అతి పెద్ద స్కూలు డిస్ట్రిక్టుల్లో ఇదీ ఒకటి.

డిస్ట్రిక్టు అంటే మన జిల్లాలాంటిది కాదు. బడులు నడపడానికే ఉండే స్థానిక వ్యవస్థ. దానికో బోర్డు. ఫెయిర్‌ఫాక్స్‌ బోర్డులో 12 మంది సభ్యులు. అందర్నీ నాలుగేళ్లకోసారి జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. వీళ్లతోపాటు ఓ విద్యార్థి ప్రతినిధి కూడా కూర్చుంటాడు. మాట్లాడొచ్చు కానీ ఓటు ఉండదు. ఏ వీధి ఏ బడికి, ఎన్ని మార్కులకి ఏ గ్రేడు, పిల్లలకి చదవడం ఎలా నేర్పాలి... ఇవన్నీ చివరికి ఈ బల్ల మీదికే వస్తాయి. పన్ను వేసే అధికారం మాత్రం బోర్డుకి లేదు. డబ్బు కోసం కౌంటీ పాలకుల దగ్గరికే వెళ్లాలి.

నలభై ఏళ్లనాటి మ్యాపు

మరి ఉన్న గీతల్ని కదపడమెందుకు? ఎందుకంటే జనం కదిలారు కాబట్టి. ఫెయిర్‌ఫాక్స్‌లో కౌంటీ మొత్తం హద్దుల్ని ఒకేసారి సరిచూసి 2024 నాటికి దాదాపు నాలుగు దశాబ్దాలైంది. ఈలోగా పొలాలు కాలనీలయ్యాయి. కాలనీలు అపార్టుమెంట్లయ్యాయి. కొన్ని బడులు కిక్కిరిసి, ఆవరణలో ట్రైలర్లు పెట్టి తరగతులు నడుపుతున్నారు. మరికొన్నిట్లో గదులు ఖాళీ. ఎక్కడో అవసరం వచ్చినప్పుడల్లా ఓ ముక్క కోసి ఇంకోచోట అతికించడంతో మ్యాపు అతుకుల బొంతలా తయారైంది.

ఆ అతుకులతో రెండు చిక్కులొచ్చాయి. ఒకటి ‘ద్వీపం’. చుట్టూ ఉన్న వీధులన్నీ ఒక బడికి వెళ్తుంటే మధ్యలో ఉన్న ఓ కాలనీ మాత్రం వాటిని దాటుకుని దూరంగా ఉన్న ఇంకో బడికి వెళ్లాలి. రెండోది ‘చీలిక’. ఇక్కడ ఆరో తరగతి వరకూ ఒక బడి, ఏడు ఎనిమిది తరగతులకి మరొకటి, తొమ్మిది నుంచి పన్నెండు దాకా హైస్కూలు. ఒకే బడిలో కలిసి చదువుకున్న పిల్లల్లో సగంమంది ఒకవైపు, మిగతా సగం మరోవైపు వెళ్లాల్సి వస్తే దాన్ని చీలిక అంటారు. కొన్నిసార్లు పదిమంది స్నేహితుల్లో ఇద్దరే విడిపోతారు. ఆ ఇద్దరిలో మన బిడ్డ ఉంటే ఆ బాధేంటో అర్థమవుతుంది.

అందుకే 2024 జూలైలో బోర్డు తన హద్దుల విధానాన్ని మార్చింది. ఇకనుంచి అయిదేళ్లకోసారి మొత్తం మ్యాపుని సమీక్షించాలని నిర్ణయించింది. చూడాల్సినవి నాలుగు. బడిలో ఎందరు పడతారు, ఇల్లు ఎంత దగ్గర, బస్సులో ఎంతసేపు, అన్ని రకాల కోర్సులూ అందరికీ అందుతున్నాయా. ఆ వెంటనే సభలు, సలహా సంఘాలు, ముసాయిదా మ్యాపులు... 2025 అంతా అదే సందడి.

ఎవరి బాధ వారిది

సభల్లో వినిపించే వాదనలు ఏ స్కూలు డిస్ట్రిక్టులోనైనా ఇంచుమించు ఒకటే. ‘ఈ బడి కోసమే అప్పుచేసి ఇక్కడ ఇల్లు కొన్నాం’ అంటారు ఒకరు. ‘పెద్దవాడు అక్కడ, చిన్నది ఇక్కడైతే ఎవర్ని ఎవరు దింపాలి?’ అంటారు మరొకరు. ‘తొమ్మిదో తరగతిలో కొత్త చోటికి పంపితే పిల్ల కుంగిపోతుంది’ అని ఓ తల్లి దిగులు. వీటిలో ఏదీ కొట్టిపారేసేది కాదు.

రెండోవైపూ గొంతులున్నాయి. పిల్లలు తగ్గిన బడికి టీచర్లు తగ్గుతారు. టీచర్లు తగ్గితే కోర్సులు తగ్గుతాయి. కోర్సులు తగ్గితే ఉన్నవాళ్లూ వెళ్లిపోవాలనుకుంటారు. అలా బలహీనమయ్యే బడుల్లో ఎక్కువగా మిగిలేది అద్దె ఇళ్లలో ఉండే పేద పిల్లలే. ‘వాళ్ల అమ్మానాన్నలు ఖరీదైన ఇల్లు కొనలేకపోవడం పిల్లల తప్పా?’ అన్నది వీరి ప్రశ్న.

ఈ ప్రశ్న వెనక చాలా చరిత్రే ఉంది. ఒకప్పుడు వర్జీనియాలో తెల్ల పిల్లలకి వేరే, నల్ల పిల్లలకి వేరే బడులు. అది రాజ్యాంగ విరుద్ధమని 1954లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పాక కూడా రాష్ట్రం ఓ పట్టాన ఒప్పుకోలేదు. ప్రిన్స్‌ ఎడ్వర్డ్‌ అనే కౌంటీ అయితే అందర్నీ కలిపి కూర్చోబెట్టడం ఇష్టంలేక 1959 నుంచి అయిదేళ్లపాటు సర్కారు బడులకే తాళాలు వేసింది! అలాంటి నేల మీద బడి హద్దు అంటే ఉత్త గీత కాదు.

కొన్నిసార్లు గీత జరపడానికి బదులు బడే వెతుక్కోవచ్చు. కౌంటీ పడమర వైపు హైస్కూళ్లు కిక్కిరిసిపోతుండగా, అక్కడే ఉన్న కింగ్‌ అబ్దుల్లా అకాడమీ అనే ప్రైవేటు స్కూలు మూతపడింది. ఆ భవనాన్ని 2025లో డిస్ట్రిక్టు 15 కోట్ల డాలర్లకు కొనేసింది. కొత్త బడి వచ్చిందని సంతోషమే. కానీ దానికీ పిల్లలు కావాలిగా... మళ్లీ గీతలు గీయాల్సిందే!

93 వస్తే ‘బి’నా?

హద్దుల తర్వాత అంత రగడ జరిగేది మార్కుల దగ్గరే. 2009కి ముందు ఫెయిర్‌ఫాక్స్‌లో ‘ఎ’ గ్రేడు రావాలంటే కనీసం 94 మార్కులు తెచ్చుకోవాలి. 93 వస్తే ‘బి ప్లస్‌’తో సరిపెట్టుకోవాల్సిందే. దేశంలో చాలాచోట్ల 90కే ‘ఎ’ ఇస్తారు. దాంతో కాలేజీ సీట్ల దగ్గర, స్కాలర్‌షిప్పుల దగ్గర తమ పిల్లలు ఊరికే వెనకబడుతున్నారని తల్లిదండ్రులు లెక్కలు తీశారు. ‘ఫెయిర్‌గ్రేడ్‌’ పేరుతో సంఘంగా ఏర్పడి ఊరూరా తిరిగి లెక్కలు చెప్పారు. చివరికి 2009 జనవరిలో బోర్డు దిగొచ్చింది. 90 నుంచే ‘ఎ’ శ్రేణి మొదలైంది. పిల్లల తెలివితేటలు ఒక్క రాత్రిలో పెరగలేదు. మారింది కొలబద్దే.

ఇటీవల అమెరికాలోని చాలా డిస్ట్రిక్టుల్లో నడుస్తున్న చర్చ సున్నా గురించి. ఓ పిల్లాడికి నాలుగు పరీక్షల్లో 90 చొప్పున వచ్చాయి. అయిదో పని అప్పజెప్పలేదు కాబట్టి సున్నా. సగటు 72కి పడిపోతుంది. అదే సున్నా బదులు కనీసం 50 వేస్తే సగటు 82. ‘ఒక్క తప్పుకి అంత శిక్షా? పిల్లాడికేం వచ్చో చూడండి’ అంటారు కొందరు టీచర్లు. ‘ఏమీ చేయకపోయినా 50 వేస్తే చేసినవాడికి ఏం విలువ?’ అంటారు మరికొందరు. పిల్లలు మాత్రం ఈ లెక్కని అందరికంటే ముందే నేర్చేసుకుంటారు!

బొమ్మ చూసి ఊహించాలా?

మూడోది పాఠం చెప్పే తీరు. మనకి ‘క’ అంటే క. దానికి గుణింతం పెడితే కా, కి, కీ. అక్షరం వస్తే చదవడం వచ్చినట్టే. ఇంగ్లిష్‌లో ఆ సుఖం లేదు. అందుకే చదవడం ఎలా నేర్పాలన్నదే అక్కడ పెద్ద వివాదం. బొమ్మనీ సందర్భాన్నీ బట్టి పదాన్ని ఊహించడం అలవాటు చేస్తే చాలన్నది ఒక పద్ధతి. ఏ అక్షరానికి ఏ శబ్దమో వరసగా నేర్పే ‘ఫోనిక్స్‌’ రెండోది. ఇంట్లో చదివి వినిపించేవాళ్లున్న పిల్లలు ఎలాగోలా నెట్టుకొస్తారు. లేనివాళ్లే వెనకబడతారు. పరిశోధనలు రెండో పద్ధతి వైపే మొగ్గడంతో వర్జీనియా 2022లో ప్రత్యేకంగా చట్టమే చేసింది. 2024-25 విద్యా సంవత్సరం నుంచి అది అమల్లోకొచ్చింది. వెనకబడ్డ పిల్లల్ని పరీక్షలతో ముందే గుర్తించి, ఒక్కొక్కరికీ విడిగా ప్రణాళిక వేయాలి.

అన్ని మార్పులూ ఇలా నిలబడవు. హైస్కూలు లెక్కల కోర్సుల్ని కలిపి బోధించాలని 2021లో రాష్ట్రం ఓ ఆలోచన చేసింది. చురుకైన పిల్లలు ముందుకెళ్లే దారి మూసేస్తారేమోనని తల్లిదండ్రులు మండిపడ్డారు. 2022లో కొత్త ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టేసింది.

ఆ ఒక్క స్కూలు కోసం...

గీతలతో పనిలేకుండా ప్రతిభని బట్టి సీటిచ్చే బడీ ఒకటుంది. 1985లో మొదలైన థామస్‌ జెఫర్సన్‌ సైన్స్‌ హైస్కూలు. అందరూ ముద్దుగా ‘టీజే’ అంటారు. ఇందులో సీటంటే మన ఇళ్లలో ఐఐటీ సీటంత సంబరం. దాని ప్రవేశ పరీక్ష కోసం ఏళ్ల తరబడి కోచింగులు నడిచేవి. 2020లో బోర్డు ఆ పరీక్షని తీసేసింది. ప్రతి మిడిల్‌ స్కూలు నుంచీ పై వరసలో ఉన్న 1.5 శాతం మందికి సీట్లు కేటాయించింది. మరుసటి ఏడాది కొత్తగా చేరినవారిలో ఆసియా సంతతి పిల్లలు 73 నుంచి 54 శాతానికి తగ్గారు. పేద పిల్లలు ఒక శాతం లోపు నుంచి 25 శాతానికి పెరిగారు.

తల్లిదండ్రుల బృందం కోర్టుకెళ్లింది. 2022లో కింది కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. 2023లో అప్పీలు కోర్టు బోర్డు చేసింది సబబేనంది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వివాదంలో జోక్యం చేసుకోనంది. తెలుగిళ్లలోనూ దీనిమీద ఒక్క మాట లేదు. ‘కష్టపడి చదివినవాడికే కదా సీటు’ అని ఒకరంటే, ‘కోచింగ్‌ స్తోమత లేనివాడి సంగతేంటి’ అని మరొకరు. ఇంచుమించు మన ఎంసెట్‌ నాటి చర్చే!

మన దగ్గరా...

బడి మార్పు, మార్కుల మార్పు మనకీ కొత్తేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని కిలోమీటరు లోపున్న హైస్కూళ్లలో కలిపినప్పుడు, చిన్నపిల్లలు పెద్ద రోడ్లు దాటి ఎలా వెళ్తారంటూ చాలా ఊళ్లలో తల్లిదండ్రులు బడుల ముందు బైఠాయించారు. 2025లో ఆ ఉత్తర్వు రద్దయింది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో పదో తరగతికి మార్కుల బదులు గ్రేడ్లొచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఫలితాల నాటికి, తెలంగాణలో 2025 ఫలితాల్లో మార్కులు మళ్లీ మెమోలకెక్కాయి.

తేడా ఒక్కటే. ఇక్కడ ఉత్తర్వు ముందొస్తుంది, గొడవ తర్వాత మొదలవుతుంది. అక్కడ మ్యాపు ముసాయిదాగా ఉండగానే గొడవ పూర్తవుతుంది. మైకు ముందు ఒక్కొక్కరికీ దొరికేది రెండు మూడు నిమిషాలే. అయినా పేరు నమోదు చేయించుకుని, కాగితం మీద రాసుకొచ్చి మరీ చదువుతారు. గెలిచేవాళ్లూ ఉంటారు, ఓడేవాళ్లూ ఉంటారు. అందర్నీ మెప్పించే గీత ఏ బోర్డూ గీయలేదు. కానీ గీతకి రెండువైపులా ఉన్న బడులు ఒకేలా ఉంటే... ఏ ఇల్లు ఏవైపుందో ఎవరూ అడగరు. అప్పుడు అమెరికాలో కూడా మనవాళ్లు ముందు వాస్తే చూసుకుంటారు!