బురదలో మొక్క మొలిస్తే చాలునా?

వేసవిలో చెరువు ఎండగానే రైతులు పూడికమట్టిని పొలాలకు తోలుకోవటం మీరు చూచే ఉంటారు. అది మంచి ఎరువు. కాని సంగారెడ్డి జిల్లా కాజీపల్లిలో ఈ అలవాటు ప్రమాదకరం. 1970ల నుండి పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి ప్రాంతాలలో మందుల, రసాయనాల కర్మాగారాలు వెలిశాయి. వాటి మురుగు ఏళ్ళ తరబడి చెరువులలో, వాగులలో చేరింది. ఈ కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. పటాన్‌చెరు మట్టిలో క్రోమియం, ఆర్సెనిక్ వంటివి ఎక్కువగా ఉన్నాయని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2001లో ప్రకటించారు.

ఇలాంటి బురదను మొక్కలతో బాగుచేయగలమా? ముందు పరీక్షించాలి. కొన్ని కుండీలలో మంచి మట్టి, కొన్నిటిలో పావువంతు బురద కలిపిన మట్టి, మరికొన్నిటిలో సగం బురద, చివరి వాటిలో అంతా బురదే నింపుతారు. అన్నిటిలో ఒకే రకం మొక్కలు నాటి, ఒకే కొలత నీరు పోస్తారు. ప్రతి రకానికీ కనీసం మూడు కుండీలు ఉండాలి. ఎందుకంటారా? ఒకే కుండీ ఉండి అందులో మొక్క చస్తే, చంపింది బురదో పురుగో ఎలా తెలుస్తుంది?

కొన్ని వారాల తరువాత మొక్కలను పీకి, కడిగి, ఎండబెట్టి తూస్తారు. అసలు పని ఇక్కడే ఉంది. వేళ్ళలో ఎంత లోహం ఉందో, ఆకులలో ఎంత ఉందో విడివిడిగా కొలవాలి. ఆకు కుళ్ళినా, కాలినా అందులోని ఆర్సెనిక్ నశించదు; అది మూలకం కదా! మొక్క దానిని ఒకచోటి నుండి మరోచోటికి చేర్చగలదు, అంతే.

బ్రేక్ ఫెర్న్ అనే మొక్క ఆర్సెనిక్‌ను ఆకులలోకి లాగుతుందని 2001లో అమెరికాలోని ఫ్లోరిడా శాస్త్రజ్ఞులు తెలిపారు. కలుషిత నేలలో పెరిగిన ఆ మొక్కల ఎండు ఆకులలో కిలోకు 1,442 నుండి 7,526 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ కనిపించింది. ఆ ఆకులను కోసి, ప్రమాదకర వ్యర్థాలను భద్రపరచే చోటికి చేర్చాలి. వట్టివేరు దారి వేరు. అది లోహాలను చాలావరకు వేళ్ళలోనే నిలుపుకొని, మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుంది.

పశువులు తిరిగే చెరువు గట్టున నేనైతే ముందు వట్టివేరునే పరీక్షిస్తాను. అయినా కంచె తప్పదు. ఆ వేళ్ళతో వేసవి తడికలు అల్లరాదు సుమా!

ఆ బురదను మాత్రం మీరు ముట్టుకోవద్దు. మురుగుతో లోహాలే కాదు, లవణాలూ వస్తాయి. కనుక ఉప్పునీటితో ఇంట్లోనే చిన్న పరీక్ష చేయవచ్చు. మూడు కుండీలకు మంచినీరు, మూడింటికి లీటరుకు ఒక చెంచా ఉప్పు, మరో మూడింటికి రెండు చెంచాలు కలిపిన నీరు పోయండి. ఒక్కొక్క దానిలో పది పెసలు నాటండి. ఏ రోజున ఎన్ని మొలిచాయో రాసుకోండి.