రాడార్ చిత్రంలో దారి తప్పే రైలు

తుపాను వేళ ఏ రహదారి తెగినదో, ఏ గ్రామం జలమయమైనదో వెంటనే తెలియడం సహాయక చర్యలకు ప్రాణం వంటిది. అయితే సరిగా అప్పుడే ఆకాశం మేఘావృతమై వుంటుంది. ఉపగ్రహంలోని సామాన్యమైన కెమెరాకు నేల కనిపించదు. మేఘాలను, చీకటిని లెక్కచేయని సాధనం సింథటిక్ అపెర్చర్ రాడార్. 2012 ఏప్రిల్ 26న శ్రీహరికోట నుండి ప్రయోగించిన రీశాట్-1తో మన దేశం ఇటువంటి ఉపగ్రహాన్ని స్వయంగా నిర్మించుకొన్నది. 2025 జూలై 30న ఇస్రో, నాసాల ఉమ్మడి ఉపగ్రహం నైసార్ కూడ అక్కడి నుండే కక్ష్యకు చేరినది.

ఈ చిత్రాలలో ఒక వింత వున్నది. పట్టాలపై క్షేమంగా సాగుతున్న రైలు, పట్టాలకు దూరంగా పొలాల నడుమ కనిపించవచ్చు. కారణమేమి?

750 కిలోమీటర్ల దూరం నుండి, 24 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో, 10 మీటర్ల ఎడం గల రెండు వస్తువులను వేరుగా చూడాలంటే దాదాపు 18 కిలోమీటర్ల పొడవైన ఆంటెన్నా కావాలి. అది అసాధ్యం. కనుక చిన్న ఆంటెన్నా తన దారిలో సాగుతూ వరుసగా అందుకొన్న ప్రతిధ్వనులను కంప్యూటరు కూర్చి, పెద్ద ఆంటెన్నా చేయవలసిన పనిని నెరవేరుస్తుంది. అమెరికా ఇంజనీరు కార్ల్ వైలీ 1951లో చేసిన ఆలోచన దీనికి మూలం.

దగ్గరకు వచ్చే రైలు కూత హెచ్చుగాను, దూరమయ్యే రైలు కూత తగ్గుగాను వినిపించడం మనకు అనుభవమే. అదే విధంగా ఉపగ్రహానికి ముందున్న స్థలం నుండి వచ్చే ప్రతిధ్వని పౌనఃపున్యం హెచ్చుతుంది. వెనుకబడిన స్థలానిది తగ్గుతుంది. ఈ తేడాను బట్టే కంప్యూటరు ప్రతి బిందువుకు చోటు నిర్ణయిస్తుంది. నేలంతా నిశ్చలమన్నదే దాని నమ్మకం. రైలు రాడార్ వైపు కదిలితే, ఆ కదలిక వల్ల కలిగిన తేడాను కూడ అది స్థానభేదంగానే లెక్కిస్తుంది. పైన చెప్పిన దూరంలో, సెకనుకు 7.5 కిలోమీటర్లు పోయే ఉపగ్రహం వైపు రైలు సెకనుకు 10 మీటర్ల వేగంతో వస్తే, చిత్రంలో 1 కిలోమీటరు పక్కకు జరుగుతుంది! ఉపగ్రహ మార్గానికి సమాంతరంగా పోయే వాహనం ఇలా జరగదు గాని, అలికినట్లు మసకబారుతుంది.

అయితే ఈ పొరపాటుకు ఒక నియమం వున్నది. అందువల్ల అదే కొలబద్ద కాగలదు. పట్టాల స్థానం తెలుసును గనుక రైలు ఎంత జరిగినదో కొలిచి వేగాన్ని గణించవచ్చు. సముద్రంలో ఓడకు, అది వెనుక విడిచిన నీటిచాలుకు మధ్య కనిపించే ఎడం కూడ ఇటువంటిదే.

దారి ముందుగా తెలియనప్పుడు రెండు ఆంటెన్నాలు ఒకదాని వెనుక ఒకటిగా అమర్చుతారు. మొదటిది చూచిన చోటు నుండే రెండవది క్షణంలో అల్పభాగం తరువాత చూస్తుంది. రెండు సంకేతాలను తీసివేస్తే నిశ్చలమైన నేల మాయమై, కదిలినవే మిగులుతాయి; వాటి దశాభేదం వేగాన్ని తెలుపుతుంది. 2007లో ప్రయోగించిన కెనడా రాడార్‌శాట్-2, జర్మనీ టెర్రాసార్-ఎక్స్ ఈ పద్ధతిని అంతరిక్షం నుండి పరీక్షించినవి.

కనుక వరదనీటి నడుమ ఒక వాహనం కనిపించినంత మాత్రాన అది మునిగినదని తలచరాదు. సమీపంలోని గట్టుపై అది సురక్షితంగా సాగుతూ వుండవచ్చు. యంత్రం చూపినదానితో పాటు, అది దేనిని నమ్మి చూపినదో తెలిసినప్పుడే సహాయం సరియైన చోటికి చేరుతుంది.