‘ది హిందూ’ ఎవరి పక్షాన పుట్టింది?

1878లో టి. ముత్తుస్వామి అయ్యర్‌ను మద్రాసు హైకోర్టు జడ్జిగా నియమించారు. ఆ పదవి దక్కిన మొదటి భారతీయుడు ఆయనే. తెల్లవాళ్ల చేతుల్లో ఉన్న పత్రికలు ఆ నియామకం మీద విరుచుకుపడ్డాయి. వాటికి దీటుగా బదులివ్వాలని ట్రిప్లికేన్‌కు చెందిన ఆరుగురు యువకులు రూపాయి పన్నెండణాలు అప్పు తెచ్చి, సెప్టెంబరు 20న ఎనభై ప్రతులు అచ్చు వేయించారు. ఇద్దరు ఉపాధ్యాయులు, నలుగురు లా విద్యార్థులు. తర్వాత రాజమండ్రిలో పేరుమోసిన వకీలు న్యాపతి సుబ్బారావు పంతులు వారిలో ఒకరు. అంటే ‘ది హిందూ’ తటస్థంగా పుట్టలేదు, ఒక వాదానికి బదులుగా పుట్టింది. అది దాని లోపమని నేననుకోను. అప్పటికే ఒక పక్షం గొంతు మాత్రమే గట్టిగా వినిపిస్తున్న ఊళ్లో, ఏ పక్షమూ వహించకుండా ఉండడమంటే ఆ గొంతుకే వంత పాడడం.

ఇది ఇంగ్లీషు చదివిన పై కులాల పత్రికే కదా, విన్నపాలు దాటి ఏం చేసిందని అడగవచ్చు. మొదటి మాట చాలావరకు నిజం. రెండోదాన్ని ఆ కాలంలో పెట్టి చూడాలి. అదే 1878 మార్చిలో వచ్చిన దేశభాషా పత్రికల చట్టం ఇంగ్లీషు పత్రికల జోలికి పోలేదు. కనుక పాలకులను వాళ్ల భాషలోనే నిలదీసే పత్రికకు కాస్త వెసులుబాటు ఉండేది. ఆ వెసులుబాటును సంపాదకుడు జి. సుబ్రహ్మణ్య అయ్యర్ బాగా వాడుకున్నారు. 1885లో బొంబాయిలో జరిగిన తొలి కాంగ్రెసు సభలో మొదటి తీర్మానం ప్రతిపాదించిందీ ఆయనే. 1889 ఏప్రిల్ 1 నుంచి పత్రిక దినపత్రిక అయింది. పాలకులను విమర్శించినంతవరకు పాఠకులు ఆయన వెంటే ఉన్నారు. వితంతువైన తన కూతురికి మళ్లీ పెళ్లి చేసి, సంఘసంస్కరణ గురించి అంతే గట్టిగా రాసేసరికి సొంతవాళ్లలోనే ఎదురుగాలి వీచింది. 1898లో ఆయన పత్రిక వదులుకున్నారు. దొరలతో తగువుకన్నా ఇంట్లో తగువే ఆ పత్రికకు గట్టి పరీక్ష అయిందని నా అభిప్రాయం.

ఇంగ్లీషు రాని జనం మాటేమిటన్న ఆక్షేపణకు జవాబు కూడా ఆయన పనిలోనే దొరుకుతుంది. 1882లోనే ఆయన తమిళంలో ‘స్వదేశమిత్రన్’ మొదలుపెట్టారు. 1908లో సర్కారు ఆయన్ని రాజద్రోహం కింద అరెస్టు చేసింది ఆ తమిళ పత్రికలోని రాతలకే.