తేట నీరంతా మంచి నీరు కాదు
అపోహలు – వాస్తవాలు

చేపలు చచ్చి తేలితేనే నీటి సంగతి మనకు గుర్తొస్తుంది. నీరు పులుపెక్కడం మాత్రం అంతకు చాలా ముందే మొదలై ఉండొచ్చు. ఆ పులుపును కొలిచేదే ఉదజని సూచిక, అంటే పీహెచ్. 7 ఉంటే తటస్థం, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. దీని చుట్టూ ఉన్న కొన్ని అపోహలు చూద్దాం.

అపోహ: పీహెచ్ 7 నుంచి 6కు తగ్గితే పెద్ద తేడా ఏముంటుంది?
వాస్తవం: ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరిగినట్టు. 7 నుంచి 5కు దిగితే వంద రెట్లు.

అపోహ: నీరు తేటగా ఉందంటే ఆరోగ్యంగా ఉన్నట్టే.
వాస్తవం: ఆమ్లత పెరిగిన సరస్సులు చాలాసార్లు మునుపటికన్నా తేటపడతాయి. పులుపు కంటికి కనిపించదు, కొలిస్తేనే తెలుస్తుంది.

అపోహ: ఆమ్లం చేప ఒంటిని కాల్చి చంపుతుంది.
వాస్తవం: అసలు దెబ్బ మొప్పల మీద పడుతుంది. ఆమ్ల నీటిలో చేప రక్తంలోని సోడియం మొప్పల గుండా బయటికి పోతుంది, పోయినదాన్ని తిరిగి పీల్చుకునే శక్తీ తగ్గుతుంది. పైగా ఆమ్లత మట్టిలోని అల్యూమినియాన్ని కరిగించి నీటిలో కలుపుతుంది. అది మొప్పలకు పట్టి ఊపిరి ఆడనివ్వదు.

అపోహ: పెద్ద చేపలు ఈదుతున్నాయి కదా, భయం లేదు.
వాస్తవం: ముందు పోయేవి గుడ్లు, పిల్లలు, చిన్న జీవులు. పీహెచ్ 5 దగ్గర చాలా రకాల చేపల గుడ్లు పొదగవు. గుల్లకు సున్నపు పదార్థం కావలసిన నత్తలు అంతకు ముందే తగ్గిపోతాయి. కెనడాలోని 'లేక్ 223' అనే చిన్న సరస్సులో శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం ఈ విషయాన్నే పరీక్షించింది. 1976 నుంచి ఎనిమిదేళ్లపాటు కొద్దికొద్దిగా ఆమ్లం కలుపుతూ పీహెచ్‌ను 6.8 నుంచి 5.0కు దించింది. సూచిక ఇంకా 5.8 దగ్గర ఉండగానే ట్రౌట్ చేపలకు ఆహారమైన ఒక రకం చిన్న రొయ్య, ఒక చిన్న చేప కనుమరుగయ్యాయి. చివరికి చేపల సంతానోత్పత్తే ఆగిపోయింది. పెద్ద చేపను ఆమ్లం నేరుగా చంపకపోయినా, దాని నోటి దగ్గరి కూడు లాగేస్తుంది.

అపోహ: సున్నం ఎంత ఎక్కువ చల్లితే అంత మంచిది.
వాస్తవం: సున్నం ఆమ్లతను తగ్గించే మాట నిజమే. కానీ పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే నీటిలోని అమ్మోనియాలో విషపూరితమైన భాగం దాదాపు పది రెట్లవుతుంది. మేత, విసర్జన పేరుకున్న చెరువులో లెక్క లేకుండా చల్లిన సున్నం బొచ్చె, శీలావతి చేపలకు మేలుకు బదులు కీడు చేస్తుంది. నీటిని, మట్టిని పరీక్షించాకే మోతాదు నిర్ణయించాలి.

అపోహ: రోజులో ఎప్పుడు కొలిచినా ఒకటే.
వాస్తవం: రాత్రంతా జీవులు వదిలే బొగ్గుపులుసు వాయువు నీటిలో చేరడంతో తెల్లవారుజామున పీహెచ్ తక్కువగా ఉంటుంది. పగలు నాచు ఆ వాయువును వాడుకోవడంతో మధ్యాహ్నానికి పెరుగుతుంది. ఒక్క పూట కొలత సగం నిజమే చెబుతుంది.

చెరువు సాగు చేసే రైతులారా, సూర్యోదయానికి ముందు ఒకసారి, మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో ఒకసారి పీహెచ్ చూసి పుస్తకంలో రాసుకోండి. చేప తేలేదాకా ఆగకండి.