చమురు పోయినను నీరు నిలుచునా?



2022లో తిరుపతి జిల్లాలో చేరిన మన తడ ప్రాంతమునకు ఇంధనపు కఱవు క్రొత్త మాట కాదు. పులికాటు మీదుగా సాగిన బకింగ్‌హాం కాలువలో పడవలు ఒకప్పుడు చెన్నపట్టణపు పొయ్యిలకు వంటచెఱకును చేరవేసెడివి. ఈ తీరమున సరుగుడు తోపులు పెరుగుటయు చాలవఱకు ఆ కట్టెకొఱకే. 1939లో ఆరంభమైన యుద్ధమునాడు పెట్రోలు దొరకక బస్సులు బొగ్గువాయువుతో నడచినవి. చమురు మరల దొరకగానే ఆ బొగ్గుపీపాలు మూలబడినవి. 1973-74లో చమురు ధర కొలది నెలలలోనే నాలుగింతలయ్యెను. ఇంధనము ప్రియమైనప్పుడెల్ల మనుష్యుడేదో యంత్రమును వెదకుచునే యున్నాడు.

ఇప్పుడు సౌర పంపుసెట్టు వంతు వచ్చినది. 2019లో కుసుమ్ పథకము వెలసిన పిమ్మట, "ఇక డీజిలు బాధ తీరినట్లే గదా?" యని మమ్మడుగువారు పెక్కండ్రు. డీజిలు బాధ తీరును. మా భయము వేఱొకచోట నున్నది.

మొదట ఉన్న యంత్రమును చూచుకొందము. 200 లీటర్ల డ్రమ్మును పంపు గొట్టము క్రింద నుంచి, గడియారము పట్టి చూడుడు. నీటిమట్టమునుండి గొట్టపు మూతివఱకు 10 మీటర్ల ఎత్తుండి, డ్రమ్ము 20 సెకండ్లలో నిండినచో, ఆ పంపు చేయు అసలు పని ఒకటిన్నర గుర్రపు బలమునకు లోపే. మోటారు మీద 5 అని వ్రాసి యుండవచ్చును! తక్కినది రాపిడిలోను, వేడిలోను పోవుచున్నది. ఇందు గొట్టముల దోషమే హెచ్చు. 4 అంగుళముల గొట్టము వలసినచోట 2 అంగుళములది వేసి, అంతే నీటిని తోడబూనినచో, రాపిడి సుమారు 32 రెట్లగును. అంగడిలో మిగిల్చిన రూపాయలను ప్రతిదినము చేనిలో చెల్లించుచున్నామన్నమాట.

సూర్యుడు మాత్రము బిల్లు పంపడు. చిక్కంతయు నిక్కడనే. డీజిలు పోయువాడు డబ్బాను చూచి ఇంజను నాపును. ఖర్చు లేనివాడు దేనిని చూచి యాపును? 2004లో వచ్చిన ఉచిత విద్యుత్తుతో ఈ సంగతి మనకనుభవమే. మెట్టసీమలో బావి యెండిన వానలు పడినపుడు మరల ఊరవచ్చును. సముద్రపుటొడ్డున ఇసుకనేలలో అట్లు కాదు. ఇచట మంచినీరు ఉప్పునీటిపై తేలియుండును. సముద్రమట్టమునకు పైనున్న మంచినీటి మట్టము ఒక్క అడుగు దిగి అట్లే నిలిచినచో, అడుగుననున్న ఉప్పునీరు కాలక్రమమున సుమారు 40 అడుగులు పైకి రాగలదు. ఒకసారి చవుడెక్కిన బావిని ఏ ఫలకమును బాగుచేయజాలదు. నారుమడి మాడిన పిదప కారణము వెదకిన ఫలమేమి?

ఇందుకొక ఉపాయమును గుజరాతునందలి ఖేడా జిల్లా ధుండీ గ్రామ రైతులు చూపిరి. ఆరుగురు రైతులు సహకార సంఘముగ నేర్పడి, సౌర పంపులను కరెంటు తీగకు కలిపి, 2016 నుండి తమకు మిగిలిన విద్యుత్తును విద్యుత్ సంస్థకు అమ్మిరి. తోడని నీటికి వెల వచ్చినది గనుక, వృథాగా తోడుట నష్టమని లెక్క వారికే తెలిసినది. మాకీ పద్ధతి మిక్కిలి నచ్చినది. అయినను కొనువాని ఒప్పందము చేతికి రాకమున్ను మన సభ్యులు అధికముగ ఫలకములకై అప్పు చేయరాదు. ఒంటరి రైతుకంటె సంఘము అడిగిన ఒప్పందము సులభమగునని మా యభిప్రాయము.

అంతవఱకు పులికాటు దిక్కుననున్న బావుల సభ్యులు ఈ వేసవి చివరను ఒక పని చేయవలయును. పంపును పావుగంట నడపి, శుభ్రమైన సీసాను ఆ నీటితోనే మూడు మారులు కడిగి, నింపి, మూతవేసి, దానిపై సర్వే నంబరు, తేదీ, బావి లోతు వ్రాసి సంఘమునకు తెండు. పరీక్షకు మేము పంపెదము. నిరుటి ఫలితమున్నవారు ఆ కాగితమును గూడ తీసికొని రావలయును.