మండలం తిరిగేసరికి తాళం మార్చమంటుంది!

"మీ పాస్‌వర్డ్ గడువు ముగిసింది. తప్పనిసరిగా మార్చుకోవాలి."

ఇంట్లో కంప్యూటరు తెరవగానే ఆంగ్లంలో కనిపించే ఈ నాలుగు ముక్కలు పల్లెల్లో సైతం ఇప్పుడు చాలామందిని కంగారు పెడుతున్నాయి. రాత్రి పడుకునేదాకా బుద్ధిగా పనిచేసిన యంత్రం తెల్లారేసరికి యజమానినే గుమ్మం బయట నిలబెడుతుంది. అది కూడా తీరిక ఉన్న రోజున కాదు. పిల్ల ప్రవేశ పరీక్ష దరఖాస్తుకు ఆఖరి రోజునో, పొలం కాగితాలు అచ్చు తీసుకుని మండల కార్యాలయానికి పరుగెత్తాల్సిన ఉదయానో ఈ మాట తెరపైకి వస్తుంది. "ఇల్లు మనది, యంత్రం మనది, తాళం మనది. మార్చమనడానికి వాడెవడు?" అని ఇంటి పెద్ద అడిగితే చదువుకున్న పిల్లల దగ్గర కూడా జవాబు ఉండదు.

వాడెవడో కాదు, విండోస్. ఎక్కువ ఇళ్లలోని కంప్యూటర్లను నడిపేది అదే. అందులో పాస్‌వర్డ్‌కు ఆయుష్షు 42 రోజులని ముందే రాసి పెట్టి ఉంటుంది. అయ్యప్ప మాల వేసుకున్న స్వామి 41 రోజుల మండల దీక్ష ముగించి మాల తీసే వేళకు, దీక్ష మొదటి రోజున పెట్టిన పాస్‌వర్డ్‌కూ కాలం చెల్లుతుందన్నమాట. గడువుకు 5 రోజుల ముందు నుంచి హెచ్చరిక వస్తుంది గానీ, తెర మూలన ఒక్క క్షణం మెరిసి పోయే ఆ ఆంగ్లం ముక్కను పట్టించుకునేవారు తక్కువ.

మరి పక్కింటి కంప్యూటరు ఎందుకు అడగదు? ఇక్కడే చాలామంది తికమకపడుతున్నారు. గడువు లెక్క కంప్యూటరుకు ఉన్నా, కొన్ని ఖాతాలకు "దీనికి గడువు లేదు" అని విడిగా గుర్తు పెట్టి ఉంటుంది. ఖాతాను ఏ దారిలో తెరిచారన్నదాన్ని బట్టి ఆ గుర్తు పడటం, పడకపోవడం జరుగుతుంది. అందుకే ఒకే కంప్యూటరులో నాన్న ఖాతా ఏళ్ల తరబడి హాయిగా సాగుతుంటే, తర్వాత తెరిచిన పిల్లవాడి ఖాతా మాత్రం నెలన్నరకోసారి మొరాయిస్తుంది. వైరస్ పట్టిందనో, ఎవరో ఏదో చేశారనో అనుకుని కొందరు యంత్రాన్ని సంచిలో వేసుకుని పట్నం బస్సెక్కుతున్నారు. ఆ ఖర్చు దండగ.

ముందు చేయాల్సింది

ఈ మాట కనిపించినప్పుడు కంప్యూటరు పాడైనట్టు కాదు, దస్త్రాలు పోయినట్టూ కాదు. "ఓకే" నొక్కితే మూడు గడులు వస్తాయి. మొదటి దాంట్లో పాత పాస్‌వర్డ్, కింది రెండింటిలో కొత్తది. అంతటితో తలుపు తెరుచుకుంటుంది. అయితే ఆ పని హడావుడిగా చేస్తేనే ముప్పు. దరఖాస్తు తొందరలో ఏదో ఒకటి కొట్టేసి లోపలికి పోతారు, పని చూసుకుంటారు, కంప్యూటరు కట్టేస్తారు. మర్నాటికి ఆ "ఏదో ఒకటి" ఏమిటో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. గడువు వల్ల తాళం పడినవారి కంటే, గడువు తొందరలో పెట్టిన కొత్త తాళం మరిచిపోయి బయట నిలబడ్డవారి కష్టమే పెద్దది. కాబట్టి ముందు కాగితం, కలం తీసుకోవాలి. కొత్త పాస్‌వర్డ్ దాని మీద రాయాలి. ఆ కాగితం చూస్తూ టైపు చేయాలి.

రాసుకోవడం తప్పని కొందరు భయపెడతారు. తప్పు రాసుకోవడంలో లేదు, పెట్టిన చోట ఉంది. పాల లెక్కలు రాసే గోడ క్యాలెండరు మీద రాస్తే వచ్చేపోయేవారందరూ చదువుతారు. బీరువాలో పట్టాదారు పాసుపుస్తకంతోపాటు పెడితే చదివేవారు ఉండరు. ఎక్కడో దూరదేశంలో కూర్చున్న దొంగ ఇంటర్నెట్‌లో నుంచి మన బీరువాలోకి చెయ్యి పెట్టలేడు కదా.

బెడద శాశ్వతంగా వదలాలంటే

ఇల్లాలికి, పిల్లలకు వాడే సొంత కంప్యూటరులో ఈ 42 రోజుల లెక్క తీసేయవచ్చు. డబ్బు పెట్టి కొనాల్సింది ఏమీ లేదు. కంప్యూటరులో పెత్తనం ఉన్న ఖాతా, అంటే అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లోపలికి వెళ్లాలి. స్టార్ట్ మీద నొక్కి "సీఎండీ" అనే మూడు ఆంగ్లాక్షరాలు కొడితే కమాండ్ ప్రాంప్ట్ పేరు కనిపిస్తుంది. దానిమీద మౌసు కుడి మీట నొక్కి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" ఎంచుకోవాలి. నల్లటి గడి తెరుచుకుంటుంది. అందులో "నెట్" కొట్టి, ఒక ఖాళీ వదిలి, "అకౌంట్స్" అని కొట్టి ఎంటర్ నొక్కితే కంప్యూటరు తన జాతకం చెబుతుంది. పాస్‌వర్డ్ గరిష్ఠ వయసు అన్న వరుసలో 42 కనిపిస్తే దోషి దొరికినట్టే.

ఇప్పుడు అదే మాట మళ్లీ కొట్టి, ఇంకొక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టాలి. దాని వెంటనే "మ్యాక్స్", "పి", "డబ్ల్యు", "ఏజ్" ఈ నాలుగూ ఖాళీ లేకుండా కలిపి కొట్టాలి. తర్వాత ఒకదానిపై ఒకటి ఉండే రెండు చుక్కలు, ఆ వెంటనే "అన్‌లిమిటెడ్". ఎంటర్ నొక్కాలి. మొదటి మాట మరోసారి అడిగి చూస్తే 42 స్థానంలో "అన్‌లిమిటెడ్" అని రావాలి. అక్షరం తప్పినా, ఖాళీ ఎక్కువైనా పని జరగదు గానీ నష్టం కూడా ఉండదు, మళ్లీ కొట్టవచ్చు. ఈ మార్పు ఆ కంప్యూటరులోనే తెరిచిన ఖాతాలన్నిటికీ వర్తిస్తుంది.

విండోస్ ప్రొ రకం ఉన్నవారికి నల్ల గడి జోలికి పోకుండా మరో దారి ఉంది. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో "లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్" అనే చోట ఖాతా పేరు తెరిచి "పాస్‌వర్డ్ నెవర్ ఎక్స్‌పైర్స్" ఎదుట టిక్కు పెడితే చాలు. ఇళ్లకు ఎక్కువగా వచ్చే హోమ్ రకంలో ఆ తలుపు ఉండదు. అందులో లేనిదాన్ని గంటల తరబడి వెతకవద్దు.

ఈమెయిల్ చిరునామాతో లోపలికి వెళ్లేవారి సంగతి వేరు. వారిది మైక్రోసాఫ్ట్ ఖాతా. దాని తాళం ఇంట్లోని యంత్రంలో కాదు, కంపెనీ దగ్గర ఉంటుంది. దానికి 42 రోజుల లెక్క లేదు గానీ, పాస్‌వర్డ్ మార్చే పేజీలో "72 రోజులకోసారి మార్చమని నన్ను అడుగు" అనే గడి ఒకటి ఉంది. భద్రత పెరుగుతుందనుకుని అందులో టిక్కు పెట్టినవారు తమ చేతులతో తామే గడువు తెచ్చుకున్నారు. ఈసారి మార్చేటప్పుడు ఆ టిక్కు తీసేస్తే సరి.

రోజూ నాలుగంకెల పిన్‌తో కంప్యూటరు తెరిచేవారికి ప్రత్యేకంగా ఒక మాట. పిన్ వేరు, పాస్‌వర్డ్ వేరు. పిన్‌కు అలవాటుపడి అసలు పాస్‌వర్డ్ మరిచిపోయినవారు ఎందరో. అవసరం వచ్చిన రోజున అడిగేది ఆ పాతదాన్నే. అది గుర్తుందో లేదో ఈ రోజే చూసుకోవడం మంచిది.

తీసేస్తే దొంగలు పడరా?

ఈ అనుమానం సహజం. అసలు ఈ గడువు పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే అది కొంత తీరుతుంది. కంప్యూటరుకు పాస్‌వర్డ్ పెట్టడం 1960ల తొలినాళ్లలో అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో మొదలైంది. ఒకే పెద్ద యంత్రాన్ని అనేకమంది వంతులవారీగా వాడుకునేవారు, ఎవరి కాగితాలు వారికి దక్కాలని ఈ ఏర్పాటు చేశారు. విచిత్రమేమిటంటే 1962లోనే అక్కడి పరిశోధక విద్యార్థి ఆలన్ షేర్, తనకిచ్చిన వాడకం సమయం చాలక, పాస్‌వర్డ్‌ల జాబితా మొత్తాన్ని అచ్చు తీయించేసుకున్నాడు. తాళంతోపాటే మారుతాళమూ పుట్టిందన్నమాట.

1985లో అమెరికా రక్షణ శాఖ ఒక మార్గదర్శక పుస్తకం వేసింది. దొంగ ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తూ పోతే పాస్‌వర్డ్ దొరకడానికి ఎంతకాలం పడుతుందో లెక్కగట్టి, ఆలోపు మార్చేయాలన్నది అందులోని తర్కం. అప్పుడు కూడా వారు చెప్పిన గరిష్ఠ గడువు ఏడాది! దాన్ని నెలలకు, వారాలకు కుదించిన ఘనత తర్వాతి తరం కార్యాలయాలదే. 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ కోసం బిల్ బర్ అనే అధికారి రాసిన సూచనలు లోకమంతా పాకాయి. పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు కలపాలి, తరచూ మార్చాలి అనే నియమాలు అందరినోటా వినిపించాయి. ఉద్యోగ విరమణ తర్వాత, 2017లో ఆయనే ఒక పత్రికతో మాట్లాడుతూ తాను చెప్పినవాటిలో చాలా వాటికి ఇప్పుడు విచారిస్తున్నానని ఒప్పుకోవడం విశేషం.

ఎందుకు విచారం? జనం ఏం చేస్తారో ఆ నియమాలు ఊహించలేదు. మార్చమంటే మనిషి మారుస్తాడు, కానీ చివర 1 తీసి 2 పెడతాడు. తర్వాత 3. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ఇదే పరీక్షించారు. మూణ్నెల్లకోసారి తప్పక మార్చాలన్న నియమం కింద ఉన్న 7,700కు పైగా పాత ఖాతాలు తీసుకున్నారు. ముందటి పాస్‌వర్డ్ తెలిస్తే చాలు, కొత్తదాన్ని 41 శాతం సందర్భాల్లో కంప్యూటరు క్షణాల్లో పట్టేసింది. 17 శాతం ఖాతాల్లో ఐదు ప్రయత్నాల్లోపే దొరికిపోయింది. అంటే తాళం మార్చినట్టు కనిపిస్తుందే తప్ప, పాత తాళంచెవికే కాస్త ఆకురాయి పెట్టి దొంగ లోపలికి వస్తున్నాడు.

దాంతో పెద్దలు మనసు మార్చుకున్నారు. అమెరికా ప్రమాణాల సంస్థ 2017లో, కారణం లేకుండా గడువు పేరిట పాస్‌వర్డ్ మార్పించవద్దని సలహా ఇచ్చింది. 2025లో వచ్చిన కొత్త కూర్పులో ఆ సలహాను నిషేధంగానే మార్చింది. బయటపడిందన్న ఆధారం ఉంటే మాత్రం వెంటనే మార్పించాలంది. మైక్రోసాఫ్ట్ సైతం 2019లో, కార్యాలయాలకు తానిచ్చే విండోస్ భద్రతా సూచనల నుంచి ఈ గడువు నియమాన్ని తొలగించింది. అయినా విండోస్‌లో పుట్టుకతో వచ్చే 42 మాత్రం అలాగే కూర్చుని ఉంది. చెప్పినవాడే చెరిపేసుకున్న నియమం మన ఇళ్లలో మిగిలిపోయిందన్నమాట.

గడువు తీసేశాక పెట్టే పాస్‌వర్డ్ మాత్రం గట్టిది కావాలి. ఇలవేల్పు పేరు, బండి నంబరు, పిల్లల పుట్టినరోజు ఊరందరికీ తెలిసినవే. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఆంగ్లాక్షరాల్లో కలిపి రాస్తే పొడవూ వస్తుంది, గుర్తూ ఉంటుంది. అదే పాస్‌వర్డ్‌ను బ్యాంకుకు, మెయిలుకు మళ్లీ వాడకూడదు. మరమ్మతు దుకాణంలో చెప్పాల్సివచ్చినా, ఇంటికొచ్చిన కుర్రాడికి తెలిసిపోయిందనిపించినా ఆ రోజే మార్చాలి. 42 రోజులు ఆగనక్కరలేదు.

మరిచిపోతే?

ఇక్కడ తొందరపడితే కుటుంబం ఫొటోలన్నీ పోతాయి. దుకాణానికి తీసుకెళ్తే "ఫార్మాట్ చేసేస్తే సరి" అనే మాట ముందుగా వినిపిస్తుంది. ఫార్మాట్ అంటే ఇల్లు కడిగినట్టు కాదు, సామానుతో సహా ఖాళీ చేసినట్టు. పెళ్లి ఫొటోలు, పోయిన నాయనమ్మ గొంతు ఉన్న వీడియో, పిల్లల సర్టిఫికెట్ల నకళ్లు అన్నీ అందులోనే పోతాయి. దస్త్రాలు బయటకు తీశాకే ఆ పని చేయాలని గట్టిగా చెప్పాలి.

అంతకంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి. విండోస్‌లో 2018 నుంచి, ఆ యంత్రంలోనే తెరిచిన ఖాతాలకు మూడు రహస్య ప్రశ్నలు పెట్టే ఏర్పాటు ఉంది. తప్పు పాస్‌వర్డ్ కొడితే కింద కనిపించే "రీసెట్" నొక్కి వాటికి జవాబిస్తే దారి దొరుకుతుంది. అదే యంత్రంలో పెత్తనం ఉన్న మరో ఖాతా ఉంటే దాంతోనూ మార్చవచ్చు. కొత్త కంప్యూటర్లలో డిస్కుకు బిట్‌లాకర్ అనే గూఢలిపి తాళం ఉండవచ్చు. మరమ్మతు సమయంలో అది 48 అంకెల సంఖ్య అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతా ఉన్నవారికి సాధారణంగా ఆ సంఖ్య ఖాతాలోనే దాచి ఉంటుంది. అది లేకపోతే ఎంత పెద్ద మెకానిక్కైనా చేతులెత్తేయాల్సిందే. ఆ 48 అంకెలు కూడా బీరువా కాగితం మీదికి ఎక్కాలి.

మోసగాళ్లకూ ఈ గడువు మాట బాగా నచ్చింది. "మీ పాస్‌వర్డ్ గడువు ఈ రాత్రితో ముగుస్తుంది, ఇక్కడ నొక్కండి" అంటూ ఫోనుకు, మెయిలుకు సందేశాలు పంపుతున్నారు. ఇంటి కంప్యూటరు గడువు మాట ఇంటి కంప్యూటరు తెరపైనే వస్తుంది. అది లింకు పంపదు, ఓటీపీ అడగదు, ఫలానా నంబరుకు ఫోను చేయమనదు. ఇవి అడిగితే అడిగింది కంప్యూటరు కాదు. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి.

ఇక హైదరాబాదు, బెంగళూరు కొలువులు చేస్తూ ఊరొచ్చి ఇంటినుంచి పనిచేసే పిల్లల ల్యాప్‌టాప్‌ల జోలికి మాత్రం పోవద్దు. అవి కంపెనీవి. గడువు పెట్టేదీ తీసేదీ అక్కడివారే, నల్ల గడిలో ఎన్ని మాటలు కొట్టినా ఆ లెక్క మారదు. ఆఫీసు పాస్‌వర్డ్ మరోచోట మార్చినా, కంపెనీ నెట్‌వర్కుతో కలిసేదాకా ఆ ల్యాప్‌టాప్ పాతదాన్నే అడగవచ్చు. సిగ్నల్ సరిగా అందని ఊళ్లకు బయల్దేరే ముందు, గడువు దగ్గరపడి ఉంటే ఆఫీసులో ఉండగానే మార్చుకుని రావడం మేలు.